మాస్కో నుంచి మహాబలిపురానికి



మాది యాడికి. గుత్తికీ తాడిపత్రికీ నడుమ, సున్నపురాతి గుట్టల పక్కన ఉన్న ఊరు. చుట్టూ బుడ్డలు వేసే పల్లెలే అయినా, వంటనూనె మాత్రం చాలా ఇళ్లలో అంగడి నుంచి తెచ్చిన ప్యాకెట్టే. 2022 మార్చిలో ఆ ప్యాకెట్టు ధర వారం వారం పెరిగిపోయింది. మన దేశం కొనే పొద్దుతిరుగుడు నూనెలో సగానికి పైగా ఉక్రెయిన్ నుంచి, తర్వాత రష్యా నుంచి వచ్చేది. ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దూరింది. నల్లసముద్రం రేవుల్లో ఓడలు నిలిచిపోయాయి. ఆ వేడి మా పొయ్యిల దాకా వచ్చింది. తర్వాత ముంగారు సేద్యానికి పొటాష్ కొనబోతే అక్కడా అదే కథ. ఆ ఎరువు మనకు వచ్చేది ఎక్కువగా బెలారస్, రష్యా, కెనడా దేశాల నుంచి. వానే సరిగా పడని నేలలో ఎరువు ధర కూడా పెరిగితే రైతు గతి ఏమిటో మా అనంతపురం జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అదే మార్చి నెలలో అదే యుద్ధం ఇంకొకదాన్ని కూడా మన వైపు పంపింది. అది ప్రపంచ చెస్ ఒలింపియాడ్. 1927లో లండన్‌లో మొదలైన ఆ పోటీ తొంభై ఏళ్లు దాటినా మన దేశానికి ఒక్కసారీ రాలేదు. 2022లో మాస్కోలో జరగాల్సింది. యుద్ధం మొదలైన మరునాడే, ఫిబ్రవరి 25న, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే దాన్ని మాస్కో నుంచి తప్పించింది. మార్చి 15న చెన్నైకి ఇచ్చింది. మా రాయలచెరువు స్టేషన్ మీదుగా పోయే రైలుపట్టాలు కడప, రేణిగుంట దాటి చేరేది ఆ చెన్నైకే. ప్రపంచంలోని పెద్ద చెస్ ఆటగాళ్లంతా మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలోకి వచ్చారు.

అప్పట్లో మన పత్రికల్లోనూ మాటల్లోనూ వినపడింది, భారత్‌కు అదృష్టం కలిసొచ్చిందని. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వచ్చింది మంచిదే, మనవాళ్లు దాన్ని గొప్పగా నిర్వహించారు, మన పిల్లలు గొప్పగా ఆడారు. ఇవన్నీ నిజం. కానీ ఒకరి ఇల్లు కాలితే మన చేతికి వచ్చినదాన్ని అదృష్టం అని ఊరుకుంటే, ఆ ఆటలో ఏం జరిగిందో సగమే చూసినట్టు. ఈ పూట మిగిలిన సగం చెప్పాలని నా ప్రయత్నం.

ముందు ఆ ఏడాది లోకం తీరు కొంచెం చూద్దాం. ఫిబ్రవరి 20న బీజింగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ ముగిశాయి. ఒలింపిక్స్ మొదలవడానికి వారం ముందు నుంచి పారాలింపిక్స్ ముగిసిన వారం వరకు ఎవరూ యుద్ధం చేయకూడదని ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ ఒప్పుకున్న ఒక విరామం ఉంటుంది. ప్రాచీన గ్రీకుల నాటి సంప్రదాయానికి కొనసాగింపు అది. ముగింపు వేడుక జరిగి నాలుగు రోజులు కాకముందే ఆ మాట గాలికి పోయింది. అంతకుముందూ ఇదే జరిగింది. 2008 ఆగస్టు 8న బీజింగ్ ఒలింపిక్స్ మొదలైన రోజుల్లోనే రష్యా, జార్జియా యుద్ధానికి దిగాయి. 2014లో రష్యాలోని సోచిలో శీతాకాల ఒలింపిక్స్ ముగిసిన వారం లోపలే ఉక్రెయిన్‌లోని క్రిమియా రష్యా సైనికుల చేతుల్లోకి వెళ్లింది. మూడు ఒలింపిక్స్, మూడు యుద్ధాలు. 2008లో మాత్రం ఒక మంచి ఘట్టం ఉంది. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో రష్యా షూటర్ నటాలియా పదేరినాకు రజతం, జార్జియా షూటర్ నీనో సలుక్వాద్జేకు కాంస్యం వచ్చాయి. తమ దేశాల సైన్యాలు కాల్చుకుంటూ ఉండగా ఆ ఇద్దరూ పతకాల వేదిక మీద ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది తుపాకీ విద్యే.

2022లో ఆటల సంఘాలు ఇదివరకటికంటే వేగంగా కదిలాయి. యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద ఫైనల్ సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి పారిస్‌కు మారింది. ప్రపంచ కప్ అర్హత పోటీల నుంచి రష్యాను ఫిఫా పంపేసింది. ఉక్రెయిన్ ఫుట్‌బాల్ జట్టు జూన్ నెలలో కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడి ప్రపంచ కప్‌కు దూరమైంది. మన తెలుగువాళ్లకు ఆ వేసవి ఆటల్లో పండుగే. మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ బ్యాడ్మింటన్ ఫైనల్లో కిదాంబి శ్రీకాంత్ గెలుపుతో భారత్ ఇండోనేషియాను 3–0తో ఓడించింది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ డబుల్స్‌లో గెలిచాడు. నాలుగు రోజులకు ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. రష్యా, బెలారస్ బాక్సర్లను ఆ పోటీకి రానివ్వలేదు. నిఖత్ గెలుపు విలువ అందువల్ల తగ్గదు. ఎదురుగా వచ్చినవాళ్లందరినీ ఓడించింది.

ఇక చెస్ దగ్గరకు వద్దాం. ఎందుకంటే యుద్ధం ఆటను ఎలా కదిలిస్తుందో మనకు అందరికంటే దగ్గరగా చూపింది ఈ ఆటే.

ఒలింపియాడ్ ఎలా ఆడతారో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక్కో జట్టులో ఐదుగురు ఉంటారు. ఒక్కో రౌండులో నలుగురు నాలుగు బల్లల మీద ఆడతారు, ఒకరికి విశ్రాంతి. అటువైపు జట్టు నుంచి కూడా నలుగురే. నాలుగు ఆటల్లో ఎక్కువ పాయింట్లు వచ్చిన జట్టుకు రెండు మ్యాచ్ పాయింట్లు, సమానమైతే చెరొకటి. ఇలా పదకొండు రౌండ్లు. ఓడినా ఇంటికి పంపరు. గెలిచినవాళ్లకు గెలిచినవాళ్లనే ఎదురు పెడుతూ పోతారు. అందుకే రెండు వారాల్లో చిన్న దేశం కూడా పెద్ద దేశానికి ఎదురుగా కూర్చునే అవకాశం వస్తుంది.

ఇంత పెద్ద పోటీ ఏర్పాట్లకు మామూలుగా రెండు మూడేళ్లు పడుతుంది. తమిళనాడుకు దొరికింది నాలుగు నెలలు. మహాబలిపురం దగ్గర పూంజేరిలో రెండు పెద్ద హాళ్లు సిద్ధం చేశారు. 180కి పైగా జట్లు ఓపెన్ విభాగంలో, 160కి పైగా జట్లు మహిళల విభాగంలో ఆడాయి. అంతకుముందు ఏ ఒలింపియాడ్‌లోనూ అన్ని జట్లు లేవు. పల్లవుల శిల్పాల ఊళ్లో ఆఫ్రికా నుంచి, పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన పిల్లలు బల్లల మీదకు వంగి ఆలోచిస్తుంటే మద్రాసు మహానగరమంతా చెస్ గడుల రంగు వేసుకుంది. నేపియర్ వంతెనకు కూడా నలుపు తెలుపు గడులు వేశారు. పొరుగు రాష్ట్రం మీద నాకు ఈ విషయంలో గౌరవం పెరిగింది. దాన్ని దాచుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు రానివాళ్ల సంగతి. రష్యా లేదు, బెలారస్ లేదు, నిషేధం. చైనా కూడా రాలేదు. పాకిస్తాన్ జట్టు చెన్నై దాకా వచ్చి, ఒలింపియాడ్ జ్యోతి శ్రీనగర్ మీదుగా వెళ్లిందన్న కారణంతో ప్రారంభోత్సవం రోజున, జూలై 28న, వెనక్కి వెళ్లిపోయింది. ఆ కుర్రాళ్లు మన గడ్డ మీద అడుగుపెట్టి, ఒక్క బంటును కూడా ముందుకు జరపకుండా విమానం ఎక్కారు. ఎక్కడో ఉన్న యుద్ధం గురించి మాట్లాడుతున్నాం గాని, మన గుమ్మం దగ్గర ఉన్న శత్రుత్వం కూడా ఆ హాల్లో కొన్ని కుర్చీలు ఖాళీ చేసింది.

రష్యా ఆటగాళ్ల మధ్య ఆ వసంతంలో ఒక గీత పడింది. 44 మంది చెస్ ఆటగాళ్లు యుద్ధం ఆపమని తమ అధ్యక్షుడికి బహిరంగ లేఖ రాశారు. ఇయాన్ నెపోమ్నియాచి, పీటర్ స్విడ్లర్ లాంటి పెద్దవాళ్లు అందులో సంతకాలు పెట్టారు. ఆ దేశంలో ఆ రోజుల్లో అలా సంతకం పెట్టడం చిన్న విషయం కాదు. సెర్గేయ్ కర్యాకిన్ దానికి ఎదురు నిలిచి యుద్ధాన్ని సమర్థిస్తూ గట్టిగా మాట్లాడాడు. కర్యాకిన్ పుట్టింది క్రిమియాలో, చిన్నప్పుడు ఆడింది ఉక్రెయిన్ తరఫున. ఫిడే అతణ్ని ఆరు నెలలు పోటీల నుంచి నిషేధించింది. మిగిలిన రష్యా ఆటగాళ్లను మాత్రం వ్యక్తులుగా, తమ దేశ జెండా లేకుండా, ఫిడే జెండా కింద ఆడనిచ్చింది. నెపోమ్నియాచి అలా ఆడే మాడ్రిడ్‌లో ఆ ఏటి క్యాండిడేట్స్, అంటే ప్రపంచ చాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చే పోటీ గెలిచాడు.

ఈ పద్ధతి న్యాయంగా ఉందని నేననుకుంటాను. జట్టు అంటే దేశం. ఆ దేశం పక్కవాడి ఊళ్ల మీద బాంబులు వేస్తున్నప్పుడు దాని జెండాను, పాటను ఆటల వేదిక మీద పెట్టుకోనక్కర్లేదు. కానీ మనిషి ఎక్కడ పుట్టాడో చూసి అతణ్ని ఆపడం వేరు. ఆ ఏడు వింబుల్డన్ అదే చేసింది. యుద్ధం వద్దన్నవాళ్లనీ కావాలన్నవాళ్లనీ ఒకే గాటన కట్టి, రష్యా, బెలారస్ టెన్నిస్ ఆటగాళ్లందరినీ బయట ఉంచింది. చివరికి మహిళల టైటిల్ గెలిచింది మాస్కోలో పుట్టి కజకిస్తాన్ తరఫున ఆడుతున్న ఎలెనా రిబకినా. చదరంగంవాళ్లు ఆ విషయంలో టెన్నిస్‌వాళ్ల కంటే నిదానంగా ఆలోచించారు.

ఇక ఆ హాల్లో మన ఆడపిల్లల బల్ల దగ్గరకు వెళ్దాం.

రష్యా, చైనా లేకపోవడంతో మహిళల విభాగంలో మొదటి ర్యాంకు భారత్ ‘ఎ’ జట్టుది. మొదటి బల్ల మీద గుడివాడలో పుట్టి తండ్రి అశోక్ దగ్గర ఆట నేర్చుకున్న కోనేరు హంపి. రెండో బల్ల మీద గుంటూరు ద్రోణవల్లి హారిక. తర్వాత వైశాలి, తానియా సచ్‌దేవ్, భక్తి కులకర్ణి. రెండో ర్యాంకు జట్టు ఉక్రెయిన్. మరియా ముజిచుక్, ఆమె అక్క అన్నా ముజిచుక్, ఖార్కివ్‌లో పుట్టిన అన్నా ఉషెనినా, నటాలియా బుక్సా, యూలియా ఓస్మాక్. సొంత ఊళ్ల మీద క్షిపణులు పడుతుంటే ప్రపంచం చుట్టి వచ్చి ఆడుతున్న ఐదుగురు. ఉక్రెయిన్ మగవాళ్ల జట్టుది ఇంకో కష్టం. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల మధ్య మగవాళ్లు అనుమతి లేకుండా దేశం దాటకూడదని అప్పట్లో అక్కడ యుద్ధకాలపు ఆజ్ఞ ఉండేది.

మన తెలుగమ్మాయిలకు ఉక్రెయిన్‌వాళ్లు కొత్త కాదు. 2012లో ప్రపంచ మహిళల చాంపియన్‌షిప్ జరిగితే హారిక సెమీఫైనల్ దాకా వచ్చారు. ఆ పోటీ గెలిచింది ఉషెనినా. 2015లో అదే పోటీలో మరియా ముజిచుక్ క్వార్టర్ ఫైనల్లో హంపిని, సెమీఫైనల్లో హారికను ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. ఆ పోటీ జరిగిన ఊరు సోచి. క్రిమియా పోయి ఏడాది అయింది. అయినా ఒక ఉక్రెయిన్ అమ్మాయి రష్యా గడ్డ మీదకు వెళ్లి, మన ఇద్దరు తెలుగు ఆడపడుచులను దాటుకుని, ఫైనల్లో రష్యా క్రీడాకారిణి నటాలియా పోగోనినాను ఓడించి కిరీటం తెచ్చుకుంది. ఆటకు అప్పుడు ఇంకా ఆ దారి మిగిలి ఉండేది. 2022 నాటికి అదీ మూసుకుపోయింది.

చెన్నైలో హారిక తొమ్మిదో నెల కడుపుతో ఆడారు. ఈ మాట చెప్పి ముందుకు పోలేను, కాసేపు ఆగాలి. చెస్ ఆట అంటే కూర్చుని ఆడేదే కదా అనిపిస్తుంది. ఒక్క ఆట నాలుగైదు గంటలు పడుతుంది. గడియారం పక్కనే నడుస్తుంటుంది. మధ్యలో మనసు ఒక్క నిమిషం జారితే నాలుగు గంటల కష్టం పోతుంది. నెలలు నిండిన మనిషికి ఒకే కుర్చీలో అన్ని గంటలు కూర్చోవడం ఏమిటో మన ఇళ్లలో ఆడవాళ్లకు తెలుసు. హారిక 2004లో పదమూడేళ్ల వయసులో భారత జట్టులోకి వచ్చారు. పద్దెనిమిదేళ్లుగా ఒలింపియాడ్‌లు ఆడుతున్నారు. ఆ పద్దెనిమిదేళ్లలో మహిళల జట్టుకు ఒక్క పతకమూ రాలేదు. సొంత దేశంలో జరిగే పోటీ మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే వచ్చారు. ఆ ఆగస్టు నెలలోనే ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

మన జట్టు మొదటి ఏడు రౌండ్లూ గెలిచింది. ఆరో రౌండులో జార్జియాను 3–1తో ఓడించింది. ఎనిమిదో రౌండులో ఉక్రెయిన్ ఎదురైంది. 2–2. ఎవరూ ఎవరికీ లొంగలేదు. తొమ్మిదో రౌండులో పోలండ్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడినా, పదో రౌండులో కజకిస్తాన్‌ను గెలిచి మళ్లీ పైకి వచ్చింది. చివరి రౌండుకు ముందు 17 పాయింట్లతో అందరికంటే ముందుంది మనమే. అమెరికాను గెలిస్తే బంగారం మనదే. 1–3తో ఓడిపోయాం. ఆ మధ్యాహ్నమే ఉక్రెయిన్ పోలండ్‌ను ఓడించింది. ఉక్రెయిన్, జార్జియా చెరి 18 పాయింట్లు. లెక్కలు చూస్తే ఉక్రెయిన్‌కు స్వర్ణం, జార్జియాకు రజతం, మనకు కాంస్యం. మన మహిళల జట్టుకు ఒలింపియాడ్‌లో అదే మొట్టమొదటి పతకం.

ఆ రోజు మనవాళ్ల కళ్లలో నీళ్లు చూసి నాకూ బాధ కలిగింది. చేతికి వచ్చిన బంగారం జారింది. అయినా ఆ వేదికను ఒకసారి మనసులో నిలబెట్టుకుని చూడండి. పద్నాలుగేళ్ల కిందట రష్యాతో యుద్ధం చూసిన జార్జియా ఒక మెట్టు మీద, యుద్ధం మధ్యలోంచి లేచి వచ్చిన ఉక్రెయిన్ పై మెట్టు మీద, మూడో మెట్టు మీద మనం. ఆ పోటీ అసలు మాస్కోలో జరగాల్సింది. అక్కడే జరిగి ఉంటే ఆ మూడు జట్లలో ఉక్రెయిన్ జట్టు అక్కడికి వెళ్లి ఉండేదే కాదు. హారిక ఆ స్థితిలో మాస్కో దాకా విమానం ఎక్కగలిగేవారా? మన కాంస్యంలోనూ వాళ్ల స్వర్ణంలోనూ ఆ యుద్ధం పాలుంది.

అదే హాళ్ల పక్కన ఇంకో పోటీ జరిగింది. దాని గురించి మన దగ్గర ఎక్కువమంది మాట్లాడలేదు. ఆగస్టు 7న ఫిడే అధ్యక్ష ఎన్నిక. నిలబడింది అప్పటిదాకా అధ్యక్షుడుగా ఉన్న అర్కాదీ ద్వోర్కోవిచ్. రష్యాలో ఒకప్పటి ఉప ప్రధాని. ఎదురుగా ఉక్రెయిన్ గ్రాండ్‌మాస్టర్ ఆంద్రీ బరిష్పోలెట్స్. ద్వోర్కోవిచ్ యుద్ధం మీద తన బాధను మార్చిలోనే బయటపెట్టి సొంత దేశంలో తిట్లు తిన్నాడు, నిజమే. చెస్‌ను నడపడంలో సమర్థుడన్నదీ నిజమే. మన విశ్వనాథన్ ఆనంద్ అతని జట్టులో ఉపాధ్యక్షుడుగా నిలిచారు. ఓట్లు 157, 16. రష్యా జట్టు ఆడకూడదు గాని రష్యా ప్రభుత్వంలో ఉప ప్రధానిగా పనిచేసిన మనిషి అందరి మీదా అధ్యక్షుడుగా ఉండవచ్చా? ఉక్రెయిన్ అభ్యర్థికి పదహారు ఓట్లు మాత్రమే పడటం నాకు నచ్చలేదు. ఆటల సంఘాలు ఆటగాళ్ల దగ్గర చూపే కరుకుదనం తమ కుర్చీల దగ్గర చూపవు. ఇది ఒక్క చెస్‌లోనే కాదు.

మగపిల్లల విభాగంలో మన రెండో జట్టు కాంస్యం తెచ్చింది. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ మొదటి ఎనిమిది ఆటలూ వరసగా గెలిచాడు. వయసు పదహారు. తెలుగు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ మొదటి బల్ల మీద ఆడిన ‘ఎ’ జట్టు నాలుగో స్థానంలో ఆగింది. అందులోని వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి మూడో బల్ల మీద వ్యక్తిగత రజతం తెచ్చుకున్నాడు. స్వర్ణం ఉజ్బెకిస్తాన్ కుర్రాళ్లది. రెండేళ్ల తర్వాత 2024లో బుడాపెస్ట్‌లో మన రెండు జట్లూ స్వర్ణాలు గెలిచాయి. హారిక, గుకేశ్, అర్జున్, హరికృష్ణ అక్కడా ఉన్నారు.

ఇక్కడ ఒక గొలుసు ఉంది. 2022లో కర్యాకిన్‌ను నిషేధించడంతో క్యాండిడేట్స్ పోటీలో ఒక చోటు ఖాళీ అయింది. అది చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌కు వచ్చింది. కరోనా వల్ల బయట పోటీలు ఆడక డింగ్‌కు అర్హతకు కావాల్సిన ఆటల లెక్క తక్కువ పడితే, చైనావాళ్లు హడావుడిగా పోటీలు పెట్టి ఆ లెక్క పూర్తిచేయించారు. మాడ్రిడ్‌లో డింగ్ రెండో స్థానంలో నిలిచాడు. తర్వాత అప్పటి ప్రపంచ చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ తన కిరీటం కోసం ఇక ఆడనన్నాడు. అప్పుడు మొదటి, రెండో స్థానాలవాళ్లు తలపడ్డారు. 2023లో డింగ్ నెపోమ్నియాచిని ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో ఆ డింగ్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది మన గుకేశ్. గుకేశ్ తన ప్రతిభతోనే గెలిచాడు, అందులో అనుమానం లేదు. అతని ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చోవాలో నిర్ణయమైన దారి మాత్రం ఆ 2022 మార్చి నెల నుంచి వచ్చింది.

యుద్ధం నడిచే ఏళ్లలో ఆట మన నేల మీద సాగడం ఇదే మొదలు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1940, 1944 ఒలింపిక్స్ రెండూ రద్దయ్యాయి. ఇంగ్లండులో కౌంటీ క్రికెట్ ఆరేళ్లు ఆగింది. ఇక్కడ రంజీ ట్రోఫీ మాత్రం ఏ ఏడూ ఆగలేదు. 1942–43లో హైదరాబాద్ ఫైనల్ దాకా వచ్చి బరోడా చేతిలో ఓడింది. 1945 మార్చి ఫైనల్ బొంబాయిలో. హోల్కర్ జట్టు కెప్టెన్, మచిలీపట్నం మూలాలున్న మన కొఠారి కనకయ్య నాయుడు, వయసు నలభై తొమ్మిది. ఆయన జట్టులో ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్. సైన్యంలో మావ్ కంటోన్మెంటుకు బదిలీ మీద వచ్చి మన రంజీ ఆడాడు. 249 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. ఆ మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి చేసిన పరుగులు 2,078. హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది. కాంప్టన్ రాకా యుద్ధం వల్లే.

ఆ పరుగుల వరద పుస్తకాల్లో చదివినప్పుడు సంబరంగానే ఉంటుంది. కానీ 1943 డిసెంబరులో బొంబాయిలో విజయ్ హజారే తన జట్టు చేసిన 387 పరుగుల్లో ఒక్కడే 309 చేసిన రోజుల్లోనే బెంగాల్‌లో లక్షల మంది తిండి లేక చనిపోయారు. యుద్ధం కోసం దారి మళ్లిన ధాన్యం, పడవలు, రైళ్లు ఆ కరువును పెంచాయి. కరువు నేల మీద పుట్టినవాణ్ని కాబట్టి ఆ రెండింటినీ విడదీసి చదవలేను. ఆట ఆపాల్సిందని నేననను. గంజి కోసం వరసలో నిలబడ్డవాడికి క్రికెట్ ఆపితే గంజి రాదు. కానీ రికార్డుల పుస్తకంలో ఆ ఏడు పక్కన ఆ కరువునూ గుర్తుపెట్టుకోవాలి.

మొన్నమొన్నటి సంగతి ఒకటి చెప్పి యాడికి వస్తాను. భారత్, పాకిస్తాన్ మధ్య దాడులు సాగుతుండగా 2025 మే 8 రాత్రి ధర్మశాలలో ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో ఆగింది. మరునాడు పోటీ మొత్తం వాయిదా పడింది. సరిహద్దు అవతల వాళ్ల లీగూ ఆగింది. వారం తర్వాత, మే 17న, మనది మళ్లీ మొదలైంది. మే 10న ఉప్పల్‌లో జరగాల్సిన సన్‌రైజర్స్ మ్యాచ్ ఢిల్లీకి పోయింది. హైదరాబాదుకు ఇచ్చిన రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లు తేదీలు జరిగేసరికి చండీగఢ్ పక్కకు వెళ్లాయి. టికెట్లు పోయాయని బాధపడ్డవాళ్లు ఉన్నారు, తప్పులేదు. ఐపీఎల్ వాయిదా పడిన ఆ మే 9నే నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో ప్రాణం వదిలినవాడు మురళీనాయక్, గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ. మొన్నటిదాకా మా అనంతపురం జిల్లాలోనే ఉన్న ఊరు అది. అలాంటి తండాల్లోని కుర్రాళ్లకు పరుగు, కబడ్డీ, వాలీబాల్ అంటే సైన్యంలో ఎంపికకు తొలి మెట్టు కూడా. మన జిల్లా పల్లెల్లో ఆటకూ యుద్ధానికీ ఉన్న చుట్టరికం ఇదీ.

ఇప్పుడు యాడికి. మాకు పచ్చగడ్డి మైదానం పెంచే నీళ్లు లేవు. మేలో మధ్యాహ్నం పిల్లలు బయట ఆడలేరు. మా రచ్చబండల మీద పులిమేక గీతలు ఎప్పుడు గీశారో ఎవరికీ గుర్తులేదు. ఎండ పూట నీడన కూర్చుని ఎదుటివాడి ఎత్తు కనిపెట్టే విద్య ఈ నేలకు పాతదే. చెస్ బల్లకు నీళ్లక్కర్లేదు, ఖరీదైన బూట్లక్కర్లేదు. యాడికి, తాడిపత్రి, పెద్దవడుగూరు బడుల్లో ఉన్న వ్యాయామ ఉపాధ్యాయులకూ లెక్కల అయ్యవార్లకూ నాదొక మనవి. 2022 ఆగస్టు 6 నాటి ఎనిమిదో రౌండు, భారత్ ఉక్రెయిన్ మహిళల ఆటలు నాలుగూ ఎత్తు ఎత్తుతో సహా ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో ఆటను ఒక్కో శనివారం పిల్లల చేత బల్ల మీద ఆడించండి. ఒకవైపు కూర్చున్న పిల్ల హంపి అయితే ఎదురుగా కూర్చున్న పిల్ల ఉక్రెయిన్ అమ్మాయి. ఆడించేముందు పటం తెరిచి ఖార్కివ్ ఎక్కడుందో, మాస్కో ఎక్కడుందో, ఆ ఆట మహాబలిపురంలో ఎందుకు జరిగిందో చెప్పండి. మధ్యలో పిల్లలు ప్రశ్నలు వేస్తే గడియారం ఆపి జవాబు చెప్పండి.